లెక్క కోసం పెట్టిన కిటికీలు

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని అడిగితే మొదటి కారణం చెప్పడం తేలిక. నాకు రాయడం వచ్చేది కాదు. యాభై తొమ్మిదేళ్ళ వయసు వరకు నేను వేలిముద్ర మనిషిని. రామచంద్రపురంలో మా వీధి పొదుపు సంఘానికి పుస్తకాలు రాసే రత్నకుమారి గారు ఒకరోజు నా బొటనవేలికి సిరా అద్దుతూ, "ఊళ్ళో ఇళ్ళన్నిటికీ కొలతలు తీస్తారు, ఈ నాలుగు గీతలు మీకో పనా అండీ వీరవేణి గారూ?" అన్నారు. నాకు రోషం వచ్చింది. మధ్యాహ్నాలు ఆవిడ ఇంటి వసారాలో కూర్చుని రెండేళ్ళు నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ నన్ను ఇబ్బంది పెడతాయి.

రెండో కారణం చెప్పడం అంత తేలిక కాదు. రాయడం వచ్చాక కూడా ఐదేళ్ళు ఈ సంగతి రాయలేదు. రాస్తే నేను చేసిన ఒక పని నా చేతిరాతలోనే నాకు కనబడుతుంది. నేను కిటికీలు చేసి బతికిన మనిషిని. వాటిలో ఏడు కిటికీలు తెరిస్తే గోడ ఉంటుంది. ఆరింటి సంగతి తేలింది. ఏడోది ఇంకా అలాగే ఉంది. అది ఉన్న గదిలో ఇప్పుడు నెలలు నిండిన అమ్మాయి పడుకుంటోంది. నాకు నిద్ర పట్టక, పగలు కూడా చెయ్యి ఊరుకోక, ఈ కాగితాలు మొదలుపెట్టాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు చదవాలని రాస్తున్నాను. షాపు ఎలా పెట్టాలో, టెండరు ఎలా వెయ్యాలో ఇందులో లేదు. అవి మీకు నాకంటే బాగా తెలుసు.

బద్ద మీద గాట్లు

మా ఆయన ఒక వడ్రంగం షెడ్డులో రంపం పని చేసేవాడు. నేను అక్కడే చెక్కకి గరుకు కాగితం రుద్దే కూలికి చేరాను. షెడ్డు యజమాని సత్తిబాబు మేస్త్రి గారు. కొలతలకి ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఆడవాళ్ళు ఆయన ముందుకి వచ్చేవారు కారు. మగవాళ్ళు చెప్పిందే ఆయన చేసేవారు. అన్నీ బిగించాక వంటింట్లోంచి గొణుగుడు మొదలయ్యేది. అందుకని నన్ను వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. "నువ్వు లోపలికెళ్ళి మాట్లాడమ్మా వేణీ, నేను అరుగు మీద మాట్లాడతా" అనేవారు. నాలుగేళ్ళు తిరిగేసరికి కిటికీల సంగతి మొత్తం నా మీదే పడింది. ఆయన పోయాక షెడ్డు నేనే తీసుకున్నాను. మోకాళ్ళు మొరాయించే దాకా నడిపాను.

టేపు మీద అంకెలు నాకు తెలియవు. ఒక్కో ఇంటికి ఒక్కో సరుగుడు బద్ద పెట్టుకునేదాన్ని. ఒక అంచున వెడల్పులకి గాట్లు, రెండో అంచున ఎత్తులకి గాట్లు. బద్ద తల మీద ఆ ఇంటి గుర్తు ఏదో చెక్కేదాన్ని. షెడ్డుకి తెచ్చి చెక్క మీద పెట్టి గీత గీస్తే కొలత దిగిపోయేది. అంకె తప్పు చదివి పాడు చేసిన టేకు మా షెడ్డులో చాలా ఉంది. నా గాటు తప్పి పాడైన చెక్క నాకు గుర్తు లేదు. ఆ గర్వం నాకు చాలా ఏళ్ళు ఉండేది.

బద్ద మీద ఎంత వెడల్పో ఉంటుంది, ఎంత ఎత్తో ఉంటుంది. ఆ గదిలో మంచం ఎక్కడ వేస్తారో, దాని మీద ఎవరు పడుకుంటారో ఉండదు. మీరు ఇప్పుడు వాడే కంప్యూటరు బొమ్మల్లో కూడా ఉండదని షెడ్డులో పిల్లలు చూపించినప్పుడు గమనించాను.

మేస్త్రి గారు నేర్పినవి

"ఇంట్లో అడుగు పెట్టగానే టేపు తీయకు. కాసేపు నిలబడు. నీ మొహానికి గాలి ఎటు నుంచి తగుల్తోందో చూడు. ఆ తర్వాత ఇంటావిడ ఎక్కడ నిలబడిందో చూడు." ఇది ఆయన నేర్పిన మంచి ముక్క. ఇంతకంటే మంచిది నాకు ఎవరూ నేర్పలేదు.

చెడ్డ ముక్క కూడా ఒకటి నేర్పారు. ఇంటివాళ్ళు ఏమడిగినా కాదనేవారు కారు. పడమటి ఎండకి ఎదురుగా పెద్ద అద్దం అడిగినా సరే, వాన కొట్టే తూర్పు వైపు సన్‌షేడ్ వద్దన్నా సరే. "ఇల్లు వాళ్ళదమ్మా. మధ్యలో మన నోరెందుకు?" అనేవారు. నేను ఆ రెండో ముక్కని మొదటిదాని కంటే బాగా ఒంటబట్టించుకున్నాను. అది ఎక్కడికి తీసుకెళ్ళిందో తర్వాత చెబుతాను.

నేను చేసిన తప్పుల్లో రెండు చిన్నవి ముందు చెబుతాను.

నరసాపురంలో లేసు అల్లే ఒకావిడ ఇంటికి కిటికీలు పెట్టాను. వెలుతురు బాగా కావాలంది. ఉత్తరం వైపు వెడల్పాటి కిటికీ, మూడు అడుగుల గోడ మీద, అందరికీ పెట్టినట్టే పెట్టాను. చూడ్డానికి బాగుంది. ఆరు నెలల తర్వాత వేరే పని మీద అటు వెళ్తే ఆవిడ వీధి గుమ్మంలో, ఎండలో కూర్చుని అల్లుతోంది.

"అదేంటమ్మా, అంత కిటికీ పెడితే గుమ్మంలో కూర్చున్నారేంటి?" అన్నాను.

ఆవిడ సూది ఆపలేదు. "మీ కిటికీ నిలబడేవాళ్ళకండీ. నేను కూర్చునే మనిషిని. ఆ వెలుతురంతా నా నెత్తి మీంచి పోయి ఎదురు గోడకి తగుల్తోందండి. గోడ అల్లదు కదండీ."

నేను ఆ ఇంట్లో నిలబడ్డాను గానీ, ఆవిడ కూర్చునే చోట కూర్చోలేదు. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా, ఎవరు ఎక్కడ కూర్చుంటారో అడిగి, అక్కడ కూర్చుని చూసేదాన్ని. కొందరు నవ్వేవారు. నవ్వనివ్వండి.

రెండోది ఉప్పాడలో. చీరలు నేసే వాళ్ళ ఇల్లు. కొత్తగా వచ్చిన ఇనుప గడియలు, నల్ల రంగు వేసినవి, ముచ్చటగా ఉన్నాయని బిగించాను. రెండేళ్ళు తిరక్కుండానే ఉప్పుగాలికి గడియలు చట్రంలోనే తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. రోకలితో కొట్టి తీశారట. నేను సిగ్గుపడి ఇత్తడి బందులు, ఇత్తడి గడియలు తీసుకెళ్ళి మార్చి పెట్టాను. ఆ ఇంటాయన మగ్గం గుంటలో కూర్చునే అన్నాడు: "ఇల్లునే నాకేస్తోందండి సముద్రం. మీ గడియ దానికో లెక్కా? బాధపడకండి." ఆయన బాధపడొద్దన్నాడు గానీ, అవసరం వచ్చినప్పుడు తెరుచుకోని కిటికీ అన్న మాట అప్పటి నుంచీ నన్ను పట్టుకుంది. పట్టుకున్నా, నా కళ్ళ ముందున్నది నాకు కనబడలేదు.

ఏ కిటికీ మంచిదని అడిగేవాళ్ళకి

అందరూ అడిగేది ఇదే కాబట్టి నాకు తోచింది చెబుతాను. పక్కకి జరిపే అద్దాల కిటికీ చోటు కలిసొస్తుంది, గాలికి కొట్టుకోదు. కానీ ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. మన ఉక్కకి పడగ్గదిలో సగం గాలి చాలదు. రెండు రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది, కానీ కొక్కెం పెట్టకపోతే తుఫాను గాలికి అద్దం మిగలదు. టేకు మంచిదే, అయితే వానాకాలంలో ఉబ్బుతుంది, రెక్కకీ చట్రానికీ మధ్య ఆ మాత్రం సందు వదలాలి. ప్లాస్టిక్కు కిటికీలు ఉబ్బవు, తుప్పు పట్టవు. సముద్రం దగ్గర నేను అవే పెట్టమంటాను, చెక్క మనిషినైనా సరే. వంటింటి కిటికీ గడియ ఇంట్లో పొట్టివాళ్ళకి అందాలి.

ఇక గ్రిల్లు. దొంగల భయానికి, కోతుల భయానికి మనం ప్రతి కిటికీకీ ఇనుము బిగించేస్తాం. బిగించండి. కానీ ప్రతి పడగ్గదిలో ఒక్క గ్రిల్లయినా బందుల మీద తిరిగి తలుపులా తెరుచుకోవాలి. తాళంచెవి లోపల, మంచం మీంచి చెయ్యి చాపితే అందేచోట ఉండాలి. ఇంటివాళ్ళు ఖర్చంటారు, అందం పోతుందంటారు. వాళ్ళతో పోట్లాడండి. మేస్త్రి గారు మధ్యలో మన నోరెందుకన్నారు. మన నోరు ఉండాల్సింది అక్కడే.

ఈ మాట ఇంత గట్టిగా అనే అర్హత నాకు ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పాలి.

పదకొండు

ఒక బియ్యం వ్యాపారి మేడ కట్టుకున్నాడు. గృహప్రవేశానికి నాలుగు రోజులుందనగా వాస్తు సిద్ధాంతి గారు వచ్చి కిటికీలు లెక్కపెట్టారు. పదకొండు వచ్చాయి. కిటికీలు సరిసంఖ్యలో ఉండాలి. అలాగని ఒకటి మూసేస్తే పది అవుతుంది, చివర సున్నా వచ్చే లెక్క పనికిరాదు. పన్నెండు చెయ్యాలి. మిగిలిన ఒక్క గోడా పక్కింటి గోడకి ఆనుకుని ఉంది. దానికి రంధ్రం పెడితే పక్కింటివాళ్ళ పడగ్గది.

ఇంటావిడ ఏడుపు ఒక్కటే తక్కువ. వ్యాపారి తాపీమేస్త్రి మీద అరుస్తున్నాడు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"చట్రం పెట్టి రెక్కలు బిగిద్దామండి. వెనకాల ఇటుక ఉంటే ఉంటుంది. ఎవరు చూస్తారు?"

అందరూ సిద్ధాంతి గారి వైపు చూశారు. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "రెక్కలు తెరుచుకోవాలి. గడియ ఉండాలి. తెరుచుకోనిదాన్ని కిటికీ అనరు" అన్నారు.

"తెరుచుకుంటాయండి" అన్నాను.

మూడు రోజుల్లో చేసి బిగించాను. మిగిలిన పదకొండింటిలాగే ఉంది. అదే టేకు, అదే పాలిష్, అదే గడియ. ఇంటావిడ నాకు కొత్త చీర పెట్టింది. సిద్ధాంతి గారు చూసి బాగుందన్నారు. మేస్త్రి గారు షెడ్డులో అందరి ముందూ, "చదువుకున్నవాడికి తట్టలేదు, మా వేణికి తట్టింది" అన్నారు. ఆ మాట విని నేను పొంగిపోయాను.

ఆ తర్వాత లెక్క కుదరని ఇళ్ళవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఉన్న కిటికీ ఒకటి మూసెయ్యమంటే ఎవరికీ మనసొప్పదు. అదనంగా ఒకటి పెట్టమంటే అందరికీ సంతోషమే. మొత్తం ఏడు ఇళ్ళలో పెట్టాను. పరదా వేసేస్తే ఇంటికొచ్చిన చుట్టాలు కూడా కనిపెట్టలేకపోయారు. కనిపెట్టలేనంత బాగా చేయడమే మంచి పనితనం అనుకున్నాను.

దుర్గ

ఏడింటిలో ఒక ఇల్లు చేతులు మారింది, కొన్నవాళ్ళు దాన్ని అద్దెకిచ్చారు. అందులోకి దుర్గ అనే అమ్మాయి, ఆమె భర్త వచ్చి రెండు నెలలయింది. ఆమె ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఒక మధ్యాహ్నం భర్త పనికెళ్ళాక వెనక గదిలో నడుం వాల్చింది. ముందు గదిలో చార్జింగుకి పెట్టిన స్కూటరు బ్యాటరీ అంటుకుంది. ఆమె లేచేసరికి పొగ గదిలోకి వచ్చేసింది. ఉన్నది ఒక్క తలుపు, అదీ ముందు గదిలోకే. వెనక కిటికీకి బిగించిన గ్రిల్లు. మంచం పక్కన నా కిటికీ.

ఇరుగుపొరుగు వెనక సందులోంచి గడ్డపారతో గ్రిల్లు పెకలించి ఆమెని బయటికి లాగారు. బతికింది. సంగతి తెలిసి నేను ఆసుపత్రికి వెళ్ళాను. రెండు చేతులకీ కట్లు కట్టి ఉన్నాయి. చేతులు కాలాయేమో అనుకున్నాను.

"కాలలేదండి. గోళ్ళు ఊడిపోయాయి" అంది. గొంతు బొంగురుపోయి ఉంది. నేనెవరో ఆమెకి తెలియదు. ఎవరో తెలిసినావిడ పలకరించడానికి వచ్చిందనుకుంది. "కళ్ళు మండిపోయి మూసేసుకున్నానండి. చేత్తో తడుముకుంటూ కిటికీ దగ్గరికెళ్ళాను. గడియ దొరికింది. తీశాను. అమ్మయ్య అనుకుని చేతులు బయటికి చాపాను. కిటికీ లోపల గోడ ఉందండి. నాకు పిచ్చెక్కిందేమో అనుకున్నానండి. గోడని కొడుతున్నాను, గీకుతున్నాను. కిటికీ తీశాను కదా, గోడెలా ఉంటుంది అని."

"అంతకుముందు ఎప్పుడూ తీయలేదా అమ్మా?"

"లేదండి. పక్కింటి గోడ దగ్గరే కదా, దోమలొస్తాయని తీయలేదు. ఇంటివాళ్ళు కూడా చెప్పలేదు."

నేను లేచి వచ్చేయొచ్చు. ఆమెకి ఎప్పటికీ తెలిసేది కాదు. మంచం పట్టీ పట్టుకుని, "ఆ కిటికీ చేసింది నేనేనమ్మా" అన్నాను.

తిడుతుందని ఎదురుచూశాను.

"ఎందుకండీ?" అంది.

"లెక్క కోసమమ్మా. కిటికీల లెక్క సరిపోవాలని."

ఆమె కట్టు కట్టిన చేతుల వైపు చూసుకుంది. ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే ఎలాగోలా చెప్పుకునేదాన్ని.

ఆరు ఇళ్ళు

మిగిలిన ఇళ్ళకి తిరిగాను. బద్దలు చాలావరకు పొయ్యిలోకి పోయాయి గానీ, ఏడు ఇళ్ళూ నాకు ముఖాల్లాగా గుర్తే. రెండు ఇళ్ళలో మరమ్మతుల్లో ఎప్పుడో తీసేశారు. దుర్గ ఉన్న ఇంటివాళ్ళు ఎవరూ చెప్పకుండానే పీకేశారు. ఒకచోట పక్కిల్లు పడగొట్టి ఉంది. అక్కడ ఇటుకలు తీయించి, తెరుచుకునే గ్రిల్లు పెట్టించి, దాన్ని నిజం కిటికీ చేశాం. ఒకచోట రెక్కలు తీసి దేవుడి పటాలకి గూడు చేసుకున్నారు. బియ్యం వ్యాపారి మొదట నవ్వాడు. దుర్గ గోళ్ళ సంగతి చెప్పేసరికి నవ్వు ఆపి, మర్నాడే తీయించాడు.

ఏడో ఇల్లు సుబ్బలక్ష్మి గారిది.

ఆవిడ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడే మనిషి కాదు. కాఫీ ఇచ్చింది, కూర్చోబెట్టింది, విన్నది. విని, కుదరదంది. వాళ్ళ ఇంటికి ఏడు కిటికీలు, నాదానితో ఎనిమిది.

"మీరు ఆ కిటికీ పెట్టిన నెలకి మా ఆయన మంచం దిగి నడిచారండి అక్కగారూ. అంతకుముందు ఏడాది పక్కకి కూడా తిరగలేదు. మీకు గుర్తు లేదా?"

గుర్తుంది. బిగించిన రోజు ఆయన ఆ గదిలోనే పడుకుని ఉన్నాడు. మందులకి నడిచాడా, లెక్కకి నడిచాడా అని ఆవిడతో వాదించడానికి నాకు నోరు రాలేదు. ఆయన ఇప్పటికీ పొద్దున్నే పొలానికి సైకిలు మీద వెళ్ళి వస్తాడు.

సిద్ధాంతి గారు ఒక్క మాట చెబితే ఆవిడ వింటుందని ఆయన దగ్గరికి వెళ్ళాను. బాగా పెద్దవారైపోయారు. అంతా విని, "నేను కిటికీ పెట్టమన్నాను. గోడకి పెట్టమన్నానా?" అన్నారు.

"తమరే చూసి బాగుందన్నారు కదండీ."

"లెక్క బాగుందన్నాను."

ఏడు పరవాలేదని చెప్పమన్నాను. చెప్పనన్నారు. మా ఇద్దరిలో ఎవరి తప్పు ఎక్కువో తేల్చుకోవడానికి వెళ్ళలేదు కాబట్టి నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఏడో ఇల్లు

ఈ వేసవిలో సుబ్బలక్ష్మి గారి అమ్మాయి శైలజ పురిటికి వచ్చింది. మొదటిసారి అత్తవారింట్లో కడుపు నిలవలేదు. అందుకే ఈసారి ఏడో నెలలోనే తీసుకొచ్చేశారు. లెక్క కుదిరిన ఇల్లు అని సుబ్బలక్ష్మి గారి ధైర్యం. పడుకోబెట్టింది ఆ గదిలోనే. ఏసీ ఆ గదిలోనే ఉంది మరి. మంచం నా కిటికీ పక్కన. ఇంకో కిటికీకి కదలని గ్రిల్లు. తలుపు హాల్లోకి. హాల్లో మూలన ఇన్వర్టరు బ్యాటరీ.

నేను మళ్ళీ వెళ్ళాను.

"మీరే పెట్టారు, మీరే తీసెయ్యమంటారేంటండీ?" అంది సుబ్బలక్ష్మి గారు.

"నేనే పెట్టాను కాబట్టే అడుగుతున్నానమ్మా."

"కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే మేకు కొట్టకూడదంటారు. మీరు గోడ పనంటారు, గ్రిల్లు కోయిస్తానంటారు. పురుడయ్యాక, మూడో నెల వెళ్ళాక చూద్దాం."

"పోనీ వేరే గదిలో పడుకోబెట్టండి."

"ఈ ఉక్కలోనా?"

శైలజ మంచం మీంచే అంది: "వదిలెయ్యండి పెద్దమ్మగారూ. మా అమ్మకి నా కంటే ఆ కిటికీయే ముద్దు."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

అప్పటి నుంచీ నా రోజులు ఆ ఇంటి చుట్టూనే తిరుగుతున్నాయి. కూరల కోసమని ఆ వీధిన వెళ్తాను. ఎవరైనా చెత్త తగలబెడితే ఆ పొగ ఎక్కడిదో చూసి గానీ కదలను. కరెంటు పోయి వస్తే ఇన్వర్టరు గుర్తొస్తుంది. ఏదో ఒక వంకతో రోజూ ఫోను చేస్తాను. మొన్న ఫోను ఎత్తగానే సుబ్బలక్ష్మి గారు, "కాలిపోలేదండి, ఉన్నాం" అంది. ఎగతాళికే అంది.

పెద్ద పెద్ద పనులు చేసినవాళ్ళు చివర్లో తృప్తిగా ఉందని చెబుతారు. నాకు మాత్రం ఎవరింట్లోనైనా కిటికీ కనబడితే లేచి తెరిచి చూసే జబ్బు పట్టుకుంది.

నిన్న మధ్యాహ్నం దుర్గ సంగతి రాసిన కాగితం మళ్ళీ చదువుకున్నాను. నేను చదివేది వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. అందుకని ఏ మాటా తప్పించుకుపోదు. కళ్ళు మూసేసుకుని తడుముకుంటూ వెళ్ళానని ఆ అమ్మాయి అన్న చోట ఆగిపోయాను. నా మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుని లేచి, కిటికీ వెతికాను. ముప్పై ఏళ్ళుగా ఉంటున్న ఇల్లు. బీరువాకి గుద్దుకున్నాను. సుబ్బలక్ష్మి గారికి నేను ఇన్నాళ్ళూ మాటలే చెప్పానని అప్పుడు తోచింది.

ఈ ఉదయం

ఎండెక్కక ముందే ఆ ఇంటికి వెళ్ళాను. సంచిలో స్క్రూడ్రైవరు, చిన్న సీసాలో కొబ్బరినూనె. సుబ్బలక్ష్మి గారు వంటింట్లో కొబ్బరి కోరుతోంది. శైలజ వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"మళ్ళీ వచ్చారా అక్కగారూ" అంది సుబ్బలక్ష్మి గారు.

"ఇవాళ ఏమీ తీయమనను. ఒక్క పని చెయ్యండి చాలు. ఆ తర్వాత ఇక రాను."

"ఏంటండీ?"

"శైలజ మంచం మీద పడుకోండి. కళ్ళు మూసుకోండి. తలుపు వైపు పొగ ఉందనుకుని, గాలి కోసం లేచి వెళ్ళండి. కళ్ళు మాత్రం తెరవకూడదు."

"చిన్నపిల్లలాటలా ఇదేంటండీ పొద్దున్నే" అని నవ్వి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. నన్ను వదిలించుకోవడానికే ఒప్పుకుందనుకుంటాను. పడుకుని కళ్ళు మూసుకుంది. శైలజ గుమ్మంలో నిలబడి, "తొండి ఆడకే అమ్మా" అంది.

సుబ్బలక్ష్మి గారు లేచింది. చేతులు ముందుకి చాపింది. రెండడుగులు వేసి పరదా పట్టుకుని పక్కకి లాగింది. గడియ వెతుక్కుని తీసింది. రెక్కలు నేను చేసినవి, కిర్రుమని కూడా అనకుండా తెరుచుకున్నాయి. ఆవిడ ఒక చెయ్యి బయటికి చాపింది. అది ఇటుకకి తగిలింది.

ఆవిడ చెయ్యి తీయలేదు. కళ్ళు కూడా తెరవలేదు. చేత్తో ఇటుకలని ఆ అంచు నుంచి ఈ అంచు దాకా నిమిరింది. శైలజ నవ్వు ఆపేసింది.

"నాకు తెలుసు కదండీ ఇక్కడ గోడ ఉందని" అంది. "తెలిసి కూడా చెయ్యి ఇటే వచ్చిందేంటండీ?"



ఆవిడ కళ్ళు తెరిచి కూతురి వైపు చూసింది. తర్వాత రెక్కని పట్టుకుని బందులు పరీక్షగా చూసింది. "ఇవి మేకులా, స్క్రూలా?"

"స్క్రూలమ్మా. గోడని ముట్టుకోనక్కర్లేదు. సుత్తి దెబ్బ ఒక్కటి కూడా పడదు."

"శైలూ, నీ పరుపు హాల్లోకి తీసుకురమ్మని నాన్నకి చెప్పు. వీధి తలుపు పక్కకి. ఆ ఇన్వర్టరు వసారాలోకి మార్పిస్తాను. ఏసీ లేకపోతే ఫ్యాను కింద పడుకుంటావు, ఏం కాదు."

స్క్రూలు పాతబడి బిగుసుకుని ఉన్నాయి. ఒక్కోదానికి నూనె చుక్క వేసి, ఆగి, తిప్పాను. కుడి రెక్క విప్పుతుంటే, అది కింద పడి చప్పుడు కాకుండా సుబ్బలక్ష్మి గారు రెండు చేతులా పట్టుకుంది. ఎడమ రెక్క సగంలో నా మణికట్టు నొప్పి పుట్టి ఆగాను. ఆవిడ నా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుంది. పెదవులు కదిలాయి, ఏం మొక్కుకుందో నేను అడగలేదు.

మిగిలిన మూడు స్క్రూలూ ఆవిడే విప్పింది.